బెర్లిన్ వెళ్ళొచ్చిన జల్లెడ

మొదటిసారి వాడు నన్ను అడిగింది జల్లెడ.

నలభై మూడో సంవత్సరం, అక్టోబరు ఆఖర్లు. చక్కెరదుంపలు తవ్వడం అప్పుడే మొదలుపెట్టాం. ఇంగ్లండ్‌లో మా లింకన్‌షైర్ నేల తడిసి ముద్దయి, దుంప కోసం లాగితే బూటు ఊడొచ్చే రోజులు. మా పొలానికీ ఏరోడ్రోమ్‌కీ మధ్య ఒక్క ముళ్ళకంచె తప్ప ఇంకేం అడ్డం లేదు. కంచెకి అవతల సిమెంటు గుండ్రం మీద ఒక లాంకాస్టర్ బాంబర్ నిలబడి ఉండేది. దుంప విసిరితే తగిలేంత దగ్గర. విసిరి చూశాను కాబట్టి చెబుతున్నాను. దాన్ని కనిపెట్టుకుని ఉండే మెకానిక్ జెసప్ నాకు తెలియని బూతులు రెండు ఆ రోజే నేర్పాడు.

ఆ కంచెలో ఒక సందు ఉంది. ఒకరోజు పొద్దున ఆ సందులోంచి ఒక పొడుగాటి కుర్రాడు వంగి దూరి వచ్చాడు. వైమానిక దళం కోటు, మెడకి ఉన్ని మఫ్లరు, గాలికి ఎర్రబడ్డ చెవులు.

"బాబాయ్, మీ ఇంట్లో జల్లెడ ఉందా?"

"ఉంది. ఏం, హిట్లర్ గాడి పిండి జల్లిస్తావా?"

వాడు నవ్వలేదు. "ఒక్కరోజుకి అరువిస్తారా? రేపు మధ్యాహ్నం తెచ్చిచ్చేస్తాను."

నేను నవ్వించబోతే నవ్వనివాడంటే నాకు మహా ఆసక్తి. వెళ్ళి వంటింట్లో మేకుకి వేలాడుతున్న జల్లెడ తెచ్చి ఇచ్చాను. దాన్ని చంకలో పెట్టుకుని, సందులోంచి దూరి, తిన్నగా విమానం దగ్గరికి పోయాడు. సాయంత్రం చీకటి పడే వేళకి ఆ విమానం ఇంటి పెంకులు అదిరేలా లేచి తూర్పుకి వెళ్ళిపోయింది.

మా ఆవిడ హెటీ రొట్టెకి పిండి తీసి మేకు వైపు చూసింది. "జల్లెడ ఏదయ్యా?"

"వైమానిక దళానికి ఇచ్చాను."

"దేనికి?"

"యుద్ధ రహస్యం."

"నీ మొహం రహస్యం. రేపటికి జల్లెడ రాకపోతే ఉండల రొట్టె తిందువుగాని."

మర్నాడు మధ్యాహ్నం వచ్చింది జల్లెడ. ఎక్కడా సొట్ట లేదు. వాడి కళ్ళ కింద మాత్రం నల్లగా ఉంది. "థాంక్స్ బాబాయ్," అని ఇచ్చి వెళ్ళిపోయాడు. వాడి పేరు మాగ్నస్ లీస్క్ అనీ, ఆ విమానానికి పైలట్ వాడేననీ, స్కాట్లాండ్‌కి ఉత్తరాన దీవుల్లో జాలర్ల పిల్లాడనీ జెసప్ చెప్పాడు. జల్లెడ సంగతి అడిగితే, "నాకేం తెలుసు? పైలట్లందరికీ ఏదో ఒక పిచ్చి ఉంటుంది," అన్నాడు.

నాలుగు రోజులకి మళ్ళీ వచ్చాడు. ఈసారి టీ కెటిల్‌కి తొడిగే ఉన్ని టోపీ. ఆ తర్వాత కొవ్వొత్తి స్టాండు. ఆ తర్వాత, "ఏదైనా సరే బాబాయ్, మీ ఇష్టం," అన్నాడు. వాడు కంచె దాటి వచ్చిన రోజల్లా సాయంత్రం విమానం లేచేది. అంటే ఈ రాత్రి దాడి ఉందని ఏరోడ్రోమ్‌లో వంటవాళ్ళకంటే ముందు నాకే తెలిసేది. మా ఆవిడ, వీడు దొంగతనానికి రిహార్సల్ వేస్తున్నాడంది. పబ్బు యజమాని, గూఢచారి అయ్యుంటాడన్నాడు. గూఢచారికి టీ కెటిల్ టోపీ ఎందుకని నేనడిగితే, అది తెలిస్తే వాడు గూఢచారి ఎలా అవుతాడని వాదించాడు.

మీ ఇష్టం అని నాలాంటివాడితో అనకూడదు. మొదట ఒక్క ఎడమకాలి బూటు ఇచ్చాను. పాలిష్ చేసి తెచ్చిచ్చాడు. నాకు మిగిలిన కుడి బూటు దాని పక్కన బిచ్చగాడిలా కనపడేది. తర్వాత మా అత్తగారి పింగాణీ కుండ ఇచ్చాను, మంచం కింద పెట్టుకునేది, చుట్టూ గులాబీలు వేసి ఉంటాయి. అది తీసుకెళ్ళేటప్పుడు మాత్రం వాడి చెవులు ఇంకాస్త ఎర్రబడ్డాయి.

మర్నాడు కుండ తెచ్చింది మాగ్నస్ ఒక్కడే కాదు. వెంట ఒక పొట్టివాడు, లండన్ యాస, నోరు మూతపడని రకం. పేరు సిడ్. విమానం తోకలో ఒంటరిగా కూర్చుని తుపాకీ పేల్చేవాడు.

"బాబాయ్ అంటే మీరేనా?" అని నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "మీ కుండ నా దగ్గరే పెట్టాను. బెర్లిన్ పైకి వెళ్ళాక నిజంగా అవసరం పడింది. ఏం లాభం? ఆ చలికి పని పూర్తయ్యేలోపే గడ్డకట్టుకుపోయింది."

"నా గులాబీలకేం కాలేదు కదా?"

"గులాబీలు భేషుగ్గా ఉన్నాయి. నాకే ఇంకా స్పర్శ రాలేదు."

నేను పొలంలో కూలబడి నవ్వాను. మాగ్నస్ మాత్రం కుండ నా చేతిలో పెట్టి, నేను రెండు చేతులతో పట్టుకున్నానా లేదా అని చూసి మరీ వదిలాడు. ఇంత చిన్న పనికి అంత శ్రద్ధేమిటో నాకు బోధపడలేదు.

నవంబరు ఆఖర్లో ఒక పొద్దున వాడొస్తే, దిష్టిబొమ్మ నెత్తిమీద టోపీ తీసి చేతికిచ్చాను. ఆ రోజు వాణ్ణి కాస్త ఉడికిద్దామనిపించింది. "ఇది నీకేరా. తిరిగివ్వక్కర్లేదు, ఉంచేసుకో," అన్నాను.

నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. టోపీ బురదలో పడింది. వెనకాల ఉన్న సిడ్ నోరు మొదటిసారి మూతపడింది. మళ్ళీ తెరుచుకుని, "వెనక్కి తీసుకోండి బాబాయ్. ఆ మాట వెనక్కి తీసుకోండి," అన్నాడు.

"అరె, ఊరికే ఇస్తుంటే..."

"ఊరికే వద్దు. అరువు ఇవ్వండి. అరువే కావాలి."

మాగ్నస్ బురదలోంచి టోపీ తీసి నాకే ఇచ్చాడు. తర్వాత చెప్పాడు, ఎవరో తెలియనివాళ్ళ సంగతి చెబుతున్నట్టు. "మా నాయనమ్మ అలవాటు బాబాయ్. ఇంట్లో మగవాడు సముద్రం మీదికి వెళ్ళే పొద్దున పక్కింటి నుంచి ఏదో ఒకటి అరువు తెప్పించేది. తాడో, గరిటో. అరువు తెచ్చినవాడు ఇవ్వడానికైనా తిరిగి రావాలి కదా."

"మరి అందరూ వచ్చేవాళ్ళా?"

"మా తాత రాలేదు. ఆ రోజు ఏమీ అరువు తేలేదు. పక్కింటివాళ్ళతో మాటల్లేవు."

"ఎందుకు మాటల్లేవు?" నాకు అడక్కుండా ఉండటం చేతకాదు.

"కోడి విషయంలో గొడవ."

సిడ్ చటుక్కున, "మాకు నమ్మకాలేం లేవనుకోండి," అన్నాడు. "కానీ సగం పైగా దాడులు అయిపోయాయి. ముప్పై పూర్తయితే విశ్రాంతికి పంపించేస్తారు. ఇప్పుడు కొత్తగా మానేసి చూడటం ఎందుకని."

నేను టోపీ బురద దులిపి మాగ్నస్ నెత్తిన పెట్టాను. "ఒరేయ్, చెవులు విప్పుకుని విను. ఈ టోపీ రేపు మధ్యాహ్నానికల్లా నాకు కావాలి. దిష్టిబొమ్మకి జలుబు చేస్తుంది. తేకపోయావో, బెర్లిన్ దాకా వచ్చి వీపు చీరేస్తాను."

అప్పుడు నవ్వాడు. ముందు పళ్ళ మధ్య సందు ఉంది వాడికి. అన్ని వారాలూ దాన్ని దాచుకున్నాడన్నమాట.

ఆ రోజు నుంచి నా పద్ధతి మార్చాను. పనికిరాని వస్తువిస్తే ఎవడు తెస్తాడు? అది లేకపోతే నాకు పూట గడవదన్నట్టుండాలి. దుంపల తల నరికే కత్తి ఇచ్చాను, ఆ రోజంతా పని లేకుండా కూర్చున్నాను. కళ్ళద్దాలు ఇచ్చాను, ఆవు అనుకుని పక్క రైతు పెళ్ళాన్ని అదిలించాను. ఆఖరికి ఒకరోజు కట్టుడు పళ్ళు తీసి రుమాల్లో చుట్టి ఇచ్చాను.

రాత్రి భోజనం దగ్గర మా ఆవిడ చూసింది. "పళ్ళేవయ్యా?"

"అలువిచ్చా."

"ఎవరికి?"

"మాగ్నస్‌కి."

చెంచా కింద పెట్టింది. అప్పుడు మొత్తం కథ చెప్పాను, పళ్ళు లేని నోటితో చెప్పగలిగినంత. పగలబడి నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. లేచి నా గంజి గిన్నెలో ఇంకాస్త పాలు పోసి, "నువ్వేమైనా ఇచ్చుకో. నా చేత్తో మాత్రం ఏదీ ఇవ్వను," అంది. కాసేపటికి మళ్ళీ, "పళ్ళు తెచ్చినప్పుడు ఆ పిల్లల్ని భోజనానికి ఉండమను," అంది.

మా ఆవిడ తన చేత్తో ఇవ్వనని ఎందుకందో చెప్పాలి. మా వైపు పల్లెటూరి ఇళ్ళలో ముందు తలుపు పెళ్ళికూతురికీ శవపేటికకీ తప్ప తెరవరు. మిగతా లోకమంతా వెనక తలుపే. మా అబ్బాయి లెన్ గ్రిమ్స్‌బీ రేవు నుంచి సముద్రంలో మందుపాతరలు ఏరే పడవ మీద వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ తన చేత్తో అల్లిన మఫ్లరు మెడకి చుట్టి పంపింది. పడవా రాలేదు, మఫ్లరూ రాలేదు. పెట్టె కూడా రాలేదు. పెట్టె రాకపోతే తలుపు తెరిచే పని లేదు. ఆమె ఆ తలుపుకి తాళం వేసి, అరచేయంత ఇనప తాళంచెవిని నడుముకి కట్టుకుంది. నిద్రలో కూడా విప్పదు. ముందు దారి మీద గడ్డి మోకాలెత్తు పెరిగింది. పీకనిచ్చేది కాదు.

మర్నాడు పళ్ళు వచ్చాయి. మా ఆవిడ వాటిని వేడినీళ్ళలో ఉడికించాక గానీ నా నోటికి ఇవ్వలేదు. కుర్రాళ్ళిద్దరూ వెనక తలుపు దగ్గర బూట్లు విప్పి వంటింట్లో బల్ల ముందు కూర్చున్నారు. ఆమె పందిమాంసం ముక్కలూ, గుడ్లూ వేయించి పెట్టింది. దాడికి వెళ్ళే ముందు ఏరోడ్రోమ్‌లో వాళ్ళకి ఒక గుడ్డు, తిరిగొస్తే ఒక గుడ్డు ఇస్తారు. రేషన్ రోజుల్లో ఊళ్ళో మాకెవరికీ అంత వైభోగం లేదు, మా ఇంట్లో కోళ్ళున్నాయి కాబట్టి సరిపోయింది.

సిడ్ ఫోర్కుతో మాగ్నస్ కంచం వైపు చూపించి, "ఈసారి నువ్వు తిరిగి రాకపోతే నీ గుడ్డు నాకే," అన్నాడు.

పొయ్యి దగ్గర మా ఆవిడ చేతిలో పెనం ఠంగుమంది.

మాగ్నస్ రొట్టె ముక్కతో పచ్చసొన తుడుచుకుంటూ, "ఒకే విమానం రా తెలివైనవాడా. నేను రాకపోతే నువ్వెలా వస్తావు?" అన్నాడు.

సిడ్ ఆలోచించాడు. "అది నిజమే. అయితే గుడ్డు బాబాయ్‌కి."

మా ఆవిడ వాళ్ళకి వీపు పెట్టి నిలబడింది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని లేవబోయాను. తిరిగితే ఏముంది, నవ్వుతోంది. లెన్ పోయాక ఆ వంటింట్లో ఆ చప్పుడు వినలేదు. నేను వెయ్యని వేషం లేదు, నాకు రాలేదు. ఈ పొట్టివాడికి ఒక్క గుడ్డుతో వచ్చింది. కాస్త ఉడుక్కున్నాను కూడా.

వెళ్ళేటప్పుడు మాగ్నస్ ఇంటి ముందు వైపు నడిచాడు. గడ్డిలో నిలబడి తలుపు వైపు చూస్తూ, "దీన్నెందుకు తీయరు బాబాయ్?" అని అడిగాడు. నాలాగే వాడికీ అడగందే తోచదు. చెప్పాను. చాలాసేపు విన్నాడు. "మా తాతకీ పెట్టె లేదు," అన్నాడు. "మా నాయనమ్మ మాత్రం తలుపు వేసేది కాదు. ఇల్లంతా చలి."

మా ఆవిడ వెనక తలుపు దగ్గర పాలడబ్బా కడుగుతోంది. విన్నదో లేదో నాకిప్పటికీ తెలియదు.

క్రిస్మస్ అయింది. జనవరి వచ్చింది. పొలంలో ఇంకో రెండు బళ్ళ దుంపలు మిగిలాయి. వాళ్ళకి ఒక్కటంటే ఒక్క దాడి మిగిలిందని సిడ్ వేళ్ళతో లెక్క చూపించి వెళ్ళాడు. ఆ ఆఖరిదానికి నేను పెద్ద ఏర్పాటే చేశాను. మేము స్నానం చేసే రేకుతొట్టి ఉంది, అందులో దూడని కూడా కడగచ్చు. దాన్ని కంచె దాకా ఈడ్చుకెళ్ళి పెట్టాను. ఇది విమానంలో ఎలా ఎక్కిస్తారో చూడాలని నాకు పట్టరాని ఉబలాటం.

మంచు కురిసిన ఒక పొద్దున మాగ్నస్ సందులోంచి వచ్చాడు. తొట్టిని చూశాడు. నన్ను చూశాడు.

"అరువే," అన్నాను. "శనివారానికల్లా కావాలి, లేకపోతే మా ఆవిడ నన్ను బావి దగ్గర నిలబెట్టి కడుగుతుంది."

వాడు తొట్టి రెండు చెవులూ పట్టుకుని ఎత్తి చూస్తున్నాడు. అప్పుడు వెనక మంచు మీద అడుగుల చప్పుడైంది. హెటీ. యుద్ధం మొదలయ్యాక ఆవిడ ఆ కంచె దగ్గరికి రావడం అదే మొదలు. ఎగిరే విమానం వైపు తలెత్తి కూడా చూసేది కాదు.

నడుము దగ్గర ముడి విప్పింది. చలికి వేళ్ళు తిరగక పళ్ళతో లాగింది. తాళంచెవి వాడి అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

"తొట్టి వద్దు. ఇది పట్టుకెళ్ళు," అంది. "ఇలాంటిది ఇంకోటి లేదు. రేపు నువ్వే తెచ్చి, నువ్వే తీసి, ముందునుంచి లోపలికి రా. ఆ పొట్టివాణ్ణి కూడా తీసుకురా. మీ విమానంలో మిగతా అయిదుగుర్నీ కూడా."

"బూట్లకి బురద ఉంటుంది పిన్నిగారూ."

"ఉండనీ."

వాడు తాళంచెవిని లోపలి జేబులో పెట్టి బొత్తాం వేసుకున్నాడు. ఆమెకి సెల్యూట్ చేశాడు. నాకెప్పుడూ చెయ్యలేదు, అన్ని ఇచ్చినా. ఆమె తిరిగి ఇంటికి నడిచింది. ఆ మధ్యాహ్నం కొడవలి పట్టుకుని ముందు దారి మీద గడ్డంతా కోసేసింది.

మర్నాడు పొద్దున్నే నేను కంచె దగ్గరికి వెళ్ళాను. సిమెంటు గుండ్రం ఖాళీగా ఉంది. మధ్యలో ఇంజన్ ఆయిలు కారిన నల్లమరక. జెసప్ ఒక పెట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడో వేరే ఏరోడ్రోమ్‌లో దిగి ఉంటారు," అన్నాడు. "మంచు కదా. పొద్దున్నుంచీ ఫోన్లు వస్తున్నాయి."

"ఆ, అంతే అయ్యుంటుంది."

"దిగితే కబురొస్తుంది."

"ఆ."

నా తొట్టిలో రాత్రి కురిసిన మంచు నిండి గడ్డకట్టి ఉంది. వాడికి బూతులు, నాకు ఎకసక్కేలు, ఇద్దరికీ ఆ పూట గుర్తు రాలేదు. మధ్యాహ్నం దాకా దుంపలు పీకాను. సాయంత్రం దాకా పీకాను. ఇంటికెళితే మా ఆవిడ ముందు గదిలో పొయ్యి వెలిగించి, బల్ల మీద తొమ్మిది కప్పులు పెట్టి కూర్చుంది. ఆ గదిలోకి మేము వంటింటి వైపు నుంచే వెళ్ళేవాళ్ళం. ఆ కప్పులు మూడు రోజులు తీయలేదు.

వారానికి ఆ గుండ్రం మీద కొత్త లాంకాస్టర్ వచ్చి నిలబడింది. దాని ఒంటి మీద రాసిన గుర్తు అక్షరం వేరు. ఇద్దరు మనుషులొచ్చి మాగ్నస్ వాళ్ళ మంచాల దగ్గర సామానంతా సంచుల్లో కట్టి తీసుకెళ్ళారట, జెసప్ చెప్పాడు. యుద్ధం అయ్యాక ఎప్పుడో తెలిసింది, జర్మనీలో ఒక పల్లె పక్కన పడిపోయారని, ఏడుగురూ అక్కడి చర్చి దొడ్లో సమాధుల్లో ఉన్నారని. అక్కడ కూడా చక్కెరదుంపలే వేస్తారట. ఆ నేలలో దుంపలు తవ్వుతూ ఏ రైతుకైనా అరచేయంత ఇనప తాళంచెవి దొరికిందేమోనని నేను ఇప్పటికీ ఆలోచిస్తూ ఉంటాను. దొరికితే, బురద తుడిచి చూసి, ఇది ఏ ఇంటిదబ్బా అనుకుంటాడు కదా. నాలాంటి రైతైతే ఊళ్ళో ప్రతి తలుపుకీ పెట్టి చూస్తాడు.

కానీ అదంతా తర్వాత. ఆ జనవరి ఆఖరున, ఆఖరి బండి దుంపలు ఫ్యాక్టరీకి పంపిన రోజు, మా ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "స్క్రూడ్రైవర్ తీసుకురా," అంది.

"దేనికి?"

"ముందు తలుపుకి."

"పట్నంలో తాళాలవాడున్నాడు, కొత్త చెవి చేయిద్దాం."

"చెవి చేయించమన్నానా? తాళం పీకెయ్యమన్నాను."

మరలన్నీ తుప్పు పట్టి ఉన్నాయి. నూనె పోశాను, తిట్టాను, సుత్తితో కొట్టాను. ఊడొచ్చింది. తలుపులో నా పిడికిలంత కన్నం మిగిలింది. వంగి అందులోంచి చూస్తే మా పొలమూ, కంచే, కొత్త విమానం తోకా కనపడ్డాయి. గుడ్డ కుక్కనా అని అడిగాను. వద్దంది. ఇల్లంతా చలేస్తుందంటే కోటు వేసుకోమంది.

ఆ వారంలోనే ఒక పొద్దున వెనక తలుపు చప్పుడైంది. కొత్త విమానం పైలట్. బుగ్గల మీద ఇంకా నూగు పోని పిల్లాడు, పేరు మోర్లీ. గుడ్లు అమ్ముతారా అని అడిగాడు.

"అమ్మం," అంది మా ఆవిడ. "ముందునుంచి రా, తిని వెళుదువుగాని."

వాడు బిత్తరపోయి ఇల్లు చుట్టి వచ్చాడు. పల్లెటూరివాడే అయ్యుంటాడు, ముందు గడప దగ్గర ఆగిపోయి, ఎవరైనా పోయారా అన్నట్టు నా మొహం చూశాడు. నేను నా కట్టుడు పళ్ళు బయటికి తోసి చూపించాను. అప్పుడు లోపలికి వచ్చాడు.

రెండు గుడ్లు తిన్నాడు. బెరుకు బెరుగ్గా కబుర్లు చెప్పాడు. వెళ్ళబోతుంటే మా ఆవిడ అడిగింది. "ఈ రాత్రి ఉందా?"

వాడు తలొంచుకున్నాడు. వాళ్ళు చెప్పకూడదు కదా.

ఆమె వంటింట్లోకి వెళ్ళి, మేకుకి వేలాడే జల్లెడ తీసి తెచ్చింది. తన చేత్తోనే వాడి చేతిలో పెట్టింది.

"జల్లెడ నాకెందుకండీ?" అన్నాడు మోర్లీ. మొదట్లో నా మొహం ఎలా ఉండేదో సరిగ్గా అలాగే ఉంది వాడి మొహం.

"ఇది నీక్కాదు," అంది హెటీ. "నాది. రేపు రొట్టె చేసుకోవాలి. మధ్యాహ్నానికల్లా తెచ్చివ్వు."